రోజూ చేసే ప్రయాణంలో ఆడుకోవడానికి ఏ హ్యాండ్‌హెల్డ్ కొనాలి?

గేమింగ్ హ్యాండ్‌హెల్డ్‌ల (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ల) మీద వచ్చే పోలికలు చాలావరకు ప్రాసెసర్ దగ్గర మొదలై, సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయన్న దగ్గర ముగుస్తాయి. ఇంట్లో సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకు ఆ లెక్క చాలు. రోజూ గంటో గంటన్నరో బస్సులోనో రైల్లోనో గడిపేవాళ్లు ముందు అడగాల్సింది వేరే ఉంది. దిగాల్సిన స్టాప్ వచ్చేస్తే ఆటను ఎంత తొందరగా ఆపి బ్యాగులో పెట్టగలరు? సాయంత్రం మళ్లీ తీస్తే ఆట ఆపిన చోటే ఉంటుందా?

ఈ రెండిటికీ సరిగ్గా జవాబు చెప్పలేని మెషీన్ ఎంత పవర్‌ఫుల్ అయినా కొన్నాళ్లకు బ్యాగులోంచి బయటికి రావడం మానేస్తుంది. ఆ తర్వాత బ్యాగులోకి ఎక్కడం కూడా మానేస్తుంది. అందుకే నేను పెట్టుకున్న వరుస ఇది: ముందు నిద్రపోయి లేచే తీరు (ఆటని మధ్యలో ఆపి, మళ్లీ అక్కడినుంచే సాగించడం), తర్వాత బరువు, ఆ తర్వాత బ్యాటరీ, చివర్లో పవర్.

చరిత్ర కూడా ఈ వరుస వైపే మాట్లాడుతుంది. 1989లో నింటెండో గేమ్ బాయ్ వచ్చినప్పుడు దాని తెరలో రంగులు లేవు, వెనక లైటు కూడా లేదు. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ రంగుల తెరతో, బ్యాక్‌లైట్‌తో వచ్చింది. చూడ్డానికి రెండోదే గొప్పగా ఉంటుంది. కానీ గేమ్ గేర్‌లో ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే మూడు నుంచి ఐదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో పది గంటలకు పైనే నడిచేది. గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి, గేమ్ గేర్ ఆ దరిదాపులకు రాలేదు. మంచి ఆటలు ఉండటం కూడా పెద్ద కారణమే. అయినా బయట వాడే వస్తువుకి ఎక్కువసేపు నడవడమే ముఖ్యమని అప్పుడే తేలిపోయింది.

ముందు మీ ప్రయాణాన్ని చూసుకోండి

సీటు దొరుకుతుందా, నిలబడతారా? అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లకు ఈ కన్సోల్‌లు ఏవీ పనికిరావు, ఫోన్‌లో ఒక్క బొటనవేలితో ఆడే పజిలే నయం. తలుపు పక్కనో గోడకో ఆనుకుని రెండు చేతులూ వాడగలిగితే సుమారు 300 గ్రాముల లోపు మెషీన్ హాయిగా ఉంటుంది. అరకిలో దాటితే చేతులు మెల్లగా కిందికి జారతాయి, తల వంగుతుంది, మెడ పట్టేస్తుంది. రోజూ సీటు దొరికి, ఒళ్లో బ్యాగు పెట్టుకుని దాని మీద చేతులు ఆనించగలిగేవాళ్లకు మాత్రం బరువు అంత సమస్య కాదు. వెడల్పే సమస్య. కంప్యూటర్ ఆటలు ఆడే హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్ వెడల్పు దాదాపు 30 సెంటీమీటర్లు. ఇరుకు సీట్లో మోచేతులు పక్కవాళ్లకు తగులుతూనే ఉంటాయి.

తర్వాత నెట్‌వర్క్. సొరంగాలు, సిగ్నల్ లేని పొలాల మధ్య దారులు, టవర్ నుంచి టవర్‌కి మారేటప్పుడు వచ్చే అంతరాయాలు, ఇవన్నీ ఎవరి దారిలో అయినా ఉండేవే. అందుకని నెట్ లేకుండా పూర్తిగా నడిచేదే ప్రయాణపు మెషీన్ అని నా గట్టి అభిప్రాయం. ఒకే బండిలో గంట కూర్చుంటారా, మధ్యలో రెండుసార్లు మారతారా అన్నది కూడా లెక్కలోకి రావాలి. పావుగంట ముక్కలుగా విడిపోయిన గంట వేరు, ఏకధాటిగా దొరికే గంట వేరు.

స్విచ్ కుటుంబం

నింటెండో స్విచ్ లైట్ 2019లో వచ్చింది. కొత్తదనం పోయిందని చాలామంది దాన్ని పక్కన పెట్టేస్తున్నారు గానీ, నిలబడి ప్రయాణించేవాళ్లకు ఈరోజుకీ నేను మొదట చెప్పే పేరు అదే. బరువు 275 గ్రాములు, తెర 5.5 అంగుళాలు, వెడల్పు 21 సెంటీమీటర్ల లోపే. కంట్రోలర్లు బాడీలోనే కలిసిపోయి ఉంటాయి కాబట్టి కుదుపులకు కదలవు. పవర్ బటన్ నొక్కితే వెంటనే నిద్రపోతుంది. మళ్లీ లేపాలంటే ఒకే బటన్‌ని మూడుసార్లు నొక్కాలి, కాబట్టి బ్యాగులో ఏదో తగిలి ఆట దానంతట అదే మొదలైపోదు. ఆపిన క్షణంలోనే ఆట ఉంటుంది. ఒక పాత్ర గాలిలోకి ఎగిరి ఉండగా ఆపితే, సాయంత్రం తీసేసరికి ఇంకా గాలిలోనే ఉంటుంది.

బ్యాటరీ ఆటని బట్టి 3 నుంచి 7 గంటలని కంపెనీ చెబుతుంది. రానూపోనూ ప్రయాణం మూడు గంటల లోపు ఉంటే రాత్రి ఛార్జింగ్‌తో సరిపోతుంది. లోపాలు కూడా చెప్పాలి. టీవీకి కలపలేం. ఇంట్లో కూడా ఆడే ఉద్దేశం ఉంటే ఇది పెద్ద లోటే. కొన్ని ఆటల్లో అక్షరాలు ఈ తెర మీద మరీ చిన్నవిగా పడతాయి, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కొనే ముందు ఒకసారి చూసుకోవాలి. స్టిక్ అరిగిపోతే కంట్రోలర్ మాత్రమే మార్చడం కుదరదు, మెషీన్ మొత్తం రిపేరుకి ఇవ్వాలి.

2021లో వచ్చిన స్విచ్ ఓలెడ్ దీనికి అన్న లాంటిది. తెర 7 అంగుళాలు, రంగులు బాగా కనిపించే ఓలెడ్ రకం, కంట్రోలర్లతో కలిపి 420 గ్రాములు, బ్యాటరీ 4.5 నుంచి 9 గంటలు. సీటు దొరుకుతూ, ఇంటికి వెళ్లాక టీవీలో కూడా ఆడాలనుకునేవాళ్లకు ఇది చాలా సమతూకంగా కుదిరే మెషీన్. పాత స్విచ్ కొంటుంటే మాత్రం జాగ్రత్త. 2017లో మొదట వచ్చిన మోడల్ 2.5 నుంచి 6.5 గంటలే నడుస్తుంది. 2019లో లోపలి చిప్ మార్చి తెచ్చిన మోడల్ ఓలెడ్ లాగే 4.5 నుంచి 9 గంటలు ఇస్తుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2. 7.9 అంగుళాల 1080పీ తెర, 120 హెర్ట్జ్, 256 జీబీ స్టోరేజీ, అన్నీ బాగున్నాయి. పాత స్విచ్ ఆటల్లో చాలావరకు నడుస్తాయి. కానీ కంట్రోలర్లతో బరువు సుమారు 534 గ్రాములు, బ్యాటరీ 2 నుంచి 6.5 గంటలు. ఆ రెండు గంటల అంకెని గమనించండి. బరువైన కొత్త ఆట ఆడితే ఉదయం వెళ్లేటప్పుడే సగానికి పైగా దిగిపోవచ్చు, ఆఫీసులో ఛార్జర్ తప్పనిసరి అవుతుంది. మెమరీ కార్డు కూడా మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి, ఇంట్లో ఉన్న పాత కార్డులో ఆటలు దాచుకోలేరు. గేమ్ కీ కార్డు అనే రకం కొంటే అందులో ఆట ఉండదు. మొదటిసారి నెట్‌లో మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి, తర్వాత ఆడే ప్రతిసారీ ఆ కార్డు లోపల ఉండాలి. కొత్త ఆటల మీదే మనసున్నవాళ్లు స్విచ్ 2 కొనుక్కోవడంలో తప్పు లేదు. కేవలం ప్రయాణం కోసమైతే నేను ఓలెడ్ వైపే మొగ్గుతాను.

ప్రయాణానికి ఆటలు వచ్చే చిన్న కార్డుల కన్నా డౌన్‌లోడ్ చేసిన ఆటలే మేలు. స్విచ్ కార్డు బొటనవేలి గోరుకన్నా కాస్తే పెద్దది, కదిలే బండిలో మారుస్తుంటే సీటు కిందికి జారిందంటే అంతే సంగతులు. పిల్లలు మింగకుండా ఆ కార్డులకు చేదు పూత కూడా పూస్తారు, అంత చిన్నవి అవి.

స్టీమ్ డెక్

కంప్యూటర్‌లో ఇప్పటికే స్టీమ్ (ఆటలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ఆటలు చాలా కొనిపెట్టుకున్నవాళ్లకు సమాధానం దాదాపు ఇక్కడే దొరుకుతుంది. కొత్తగా ఒక్క ఆటా కొనకుండా పాతవన్నీ చేతిలోకి వచ్చేస్తాయి. వాల్వ్ సంస్థ దీన్ని 2022లో తెచ్చింది, 2023 నవంబరులో ఓలెడ్ మోడల్ వచ్చింది. కొంటే ఓలెడ్‌నే కొనండి. తెర కొంచెం పెద్దది కావడం ఒక్కటే కారణం కాదు. బ్యాటరీ 40 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) నుంచి 50కి పెరిగింది, బరువేమో 669 గ్రాముల నుంచి 640కి తగ్గింది. తెర వెలుగు కూడా బాగా పెరిగింది, కిటికీ పక్కన కూర్చుంటే ఆ తేడా తెలుస్తుంది.

కంప్యూటర్ ఆటలని ఇంత నమ్మకంగా నిద్రపుచ్చి లేపడం డెక్ చేసిన పెద్ద మేలు. లైనక్స్ ఆధారంగా చేసిన స్టీమ్ ఓఎస్ మీద, ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ పొర సాయంతో విండోస్ ఆటలు నడుస్తాయి. పవర్ బటన్ నొక్కితే ఆట మధ్యలోనే ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే కొద్ది సెకన్లలో అక్కడినుంచే సాగుతుంది. ఏ ఆట ఎలా నడుస్తుందో స్టీమ్ స్టోర్‌లోనే గుర్తులు ఉంటాయి. పచ్చ టిక్ ఉంటే కంట్రోల్స్, చిన్న తెర మీద అక్షరాలు కూడా సరిచూశారని అర్థం. ప్రయాణానికి ఆ పచ్చ టిక్ ఉన్నవాటితో మొదలుపెట్టడం మంచిది. కుదిపే బండిలో సన్న అక్షరాలు చదవడం కన్నా విసుగు లేదు.

బ్యాటరీ 3 నుంచి 12 గంటలని చెబుతారు. ఇంత పెద్ద తేడా ఎందుకంటే, తేలికైన కార్డు గేమ్ ఆడుతుంటే మెషీన్ కొద్ది వాట్లే తాగుతుంది, భారీ 3డీ ఆటలో 20 వాట్లు కూడా దాటవచ్చు. 50 వాట్ అవర్ల బ్యాటరీని 10 వాట్లతో భాగిస్తే ఐదు గంటలు, 20తో భాగిస్తే రెండున్నర. ఈ లెక్క మీ చేతిలోనే ఉంది. మూడు చుక్కల బటన్ నొక్కి ఫ్రేముల పరిమితిని 40కో 30కో తగ్గిస్తే, చేతిలో పట్టుకుని ఆడే తెర మీద పెద్ద తేడా తెలియదు. బ్యాటరీ మాత్రం బాగా మిగులుతుంది.

బయటికి తీసుకెళ్లే ముందు ఒక పని తప్పనిసరి. ఇంట్లో వైఫై ఉండగానే ఆటని ఒకసారి తెరిచి, అప్‌డేట్ అయ్యాక, ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి మళ్లీ తెరిచి చూడండి. కొన్ని ఆటలు సొంత లాంచర్ (ఆటకంటే ముందు తెరుచుకునే ప్రోగ్రామ్) తెరిచి లాగిన్ అడుగుతాయి, అవి దారిలో మొండికేస్తాయి. స్విచ్‌లో కొన్న డిజిటల్ ఆటలకూ ఇదే పరీక్ష పెట్టండి.

డెక్‌తో నాకున్న ఒకే అభ్యంతరం సైజు. కేసుతో కలిపితే లాప్‌టాప్ బ్యాగులో టిఫిన్ బాక్సుకి చోటుండదు. భుజాన ఇప్పటికే లాప్‌టాప్ మోస్తున్నవాళ్లు ఆ అదనపు కిలోని ఒక వారం మోసి చూసినట్టు ఊహించుకుని కొనాలి.

విండోస్ మెషీన్లు

ఆసుస్ ఆర్‌ఓజీ అలై 2023లో, పెద్ద బ్యాటరీతో అలై ఎక్స్ 2024లో, ఎక్స్‌బాక్స్ పేరుతో కొత్త అలై జత 2025 అక్టోబరులో వచ్చాయి. లెనోవో లీజియన్ గో కూడా ఈ కోవలోదే. పవర్ డెక్ కన్నా ఎక్కువ. అలై ఎక్స్‌లో బ్యాటరీ 80 వాట్ అవర్లు, అది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం. అయితే విండోస్ నిద్ర మీద నాకు నమ్మకం తక్కువ. లేచాక ఆట మూసుకుపోవడం, బ్యాగులో దానంతట అదే మేలుకుని వేడెక్కడం లాంటివి ఈ మెషీన్లలో డెక్ కన్నా ఎక్కువగా ఎదురవుతాయి. పొద్దున్నే రద్దీలో అప్‌డేట్ నోటిఫికేషన్లతో కుస్తీ పట్టాలని ఎవరికుంటుంది?

వీటి వైపు లాగే గట్టి కారణం, స్టీమ్ ఓఎస్ మీద నడవని కొన్ని ఆన్‌లైన్ మల్టీప్లేయర్ ఆటలు వీటిలో నడవడం. వాలొరాంట్, ఫోర్ట్‌నైట్ లాంటివాటిలో మోసాల్ని పట్టే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ లైనక్స్ మీద ఒప్పుకోదు. కానీ అవన్నీ నెట్ తెగితే ఓడిపోయే ఆటలు, ప్రయాణానికి ఎలాగూ పనికిరావు. కాబట్టి ఆ లాభం ఇంట్లోనే లాభం. లీజియన్ గో అయితే కంట్రోలర్లతో 854 గ్రాములు, దాన్ని గంటసేపు చేతిలో పట్టుకోవడం కష్టం. అదే కంపెనీ లీజియన్ గో ఎస్‌ని 2025లో స్టీమ్ ఓఎస్‌తో కూడా తెచ్చింది. డెక్ లాంటి నిద్ర, 8 అంగుళాల తెర కావాలంటే దాన్ని చూడవచ్చు, బరువు మాత్రం డెక్ కన్నా ఎక్కువే.

ప్లేస్టేషన్ పోర్టల్

చూస్తే ముచ్చటేస్తుంది, పట్టుకుంటే చేతికి భలే కుదురుతుంది, కానీ ప్రయాణానికి వద్దు. ఇది ఇంట్లో ఉన్న పీఎస్5 (సోనీ టీవీ కన్సోల్)లోనో సర్వర్‌లోనో నడిచే ఆటని వైఫై మీద చూపించే తెర. ఆట దీనిలోపల నడవదు. సిమ్ కార్డుకి చోటు లేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకుంటే, సోనీ సిఫార్సు చేసే 15 ఎంబీపీఎస్ వేగంతో గంటకి 6.75 జీబీ డేటా ఖర్చవుతుంది. కనీసమని చెప్పే 5 ఎంబీపీఎస్‌తో కూడా 2.25 జీబీ. ఇంత పెట్టినా సొరంగం వస్తే ఆట ఆగుతుంది. దూరంగా ఉన్న సర్వర్‌లో ఆట నడిపి నెట్ మీద చూపించే క్లౌడ్ గేమింగ్ సర్వీసులన్నిటికీ ఇదే మాట వర్తిస్తుంది.

చిన్న మెషీన్లు, ఫోను

మియూ మినీ ప్లస్ లాంటి రెట్రో హ్యాండ్‌హెల్డ్‌లు జేబులో పడతాయి. 3.5 అంగుళాల తెర, తేలిక బరువు, పాత ఆటల్ని ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసే సౌకర్యం. పావుగంట ముక్కల ప్రయాణానికి ఇంతకన్నా హాయైనవి తక్కువ. కొంచెం పెద్ద తెర కావాలంటే రెట్రాయిడ్ పాకెట్ 5 ఉంది, ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, తెర 5.5 అంగుళాలు. ఒక సంగతి మాత్రం సూటిగా చెప్పాలి. అమ్మేవాళ్లు వేల ఆటలు నింపి ఇచ్చే మెమరీ కార్డుల్లో చాలావరకు హక్కులు లేకుండా కాపీ చేసినవే. ఆండ్రాయిడ్ రకం కొంటే ప్లే స్టోర్‌లో డబ్బిచ్చి కొన్న మంచి ఆటలే బోలెడు ఆడుకోవచ్చు.

ప్లేడేట్ అనే పసుపు రంగు బుల్లి మెషీన్ 86 గ్రాములే, పక్కన తిప్పే చిన్న హ్యాండిల్ కూడా ఉంటుంది. నాకెంతో ఇష్టమైన ఆలోచన అది. కానీ తెర వెనక లైటు లేదు, చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం చేసేవాళ్లకు ఉపయోగపడదు.

ఫోనుకి రెండు వైపులా బిగించే కంట్రోలర్ కొంటే చాలు కదా అంటారు కొందరు. ఆటల వరకు నిజమే. కానీ టికెట్టు, డబ్బు చెల్లింపు, ఇంటికి ఫోను, అన్నీ ఆ బ్యాటరీ మీదే ఆధారపడి ఉన్నాయి. అది 15 శాతానికి పడిపోయినప్పుడు వచ్చే టెన్షన్ ఆటలోని సరదా అంతా తినేస్తుంది. విడి మెషీన్ కొనడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

ఆటలు మీ స్టాపులకు సరిపడాలి

మెషీన్ ఎంత బాగున్నా ఆట సరిపడకపోతే లాభం లేదు. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒక రోజు నిజ సమయంలో సుమారు 14 నిమిషాలు. పాత్ర పడుకున్నాకే సేవ్ అవుతుంది. అంటే గంటలో నాలుగు రోజులు గడుస్తాయి, ఎక్కడ ఆపాలో ముందే తెలుస్తుంది. స్లే ద స్పైర్, బలాట్రో లాంటి కార్డు ఆటల్లో తొందరేమీ ఉండదు. స్టేషన్ పేరు వినడానికి తల ఎత్తినా ఎవరూ మిమ్మల్ని చంపరు. టర్న్ ఆధారంగా నడిచే వ్యూహాల ఆటలూ అంతే. గంటలకొద్దీ సినిమాలా సాగే కథల ఆటలు నిద్ర సౌకర్యం వల్ల ఆడగలం గానీ, సగం సంభాషణలో ఆపితే సాయంత్రానికి ఏం జరిగిందో గుర్తుండదు. స్విచ్‌లో ఇంకో ఆట తెరిస్తే నిద్రపుచ్చిన మొదటి ఆట మూసుకుపోతుందని కూడా గుర్తుంచుకోండి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఆడే అలవాటు ఉంటే ముందు సేవ్ చేసుకోవాలి.

కడుపులో తిప్పే సమస్య ఉన్నవాళ్లకి ఆట ఎంపిక ఇంకా ముఖ్యం. లోపలి చెవికి కదలిక తెలుస్తుంటుంది, తెర మీదున్న కళ్లకు తెలియదు, ఆ పొంతన కుదరకే వికారం వస్తుంది. కెమెరా గిరగిరా తిరిగే 3డీ ఆటలు దాన్ని పెంచుతాయి. బండి వెళ్లే వైపు ముఖం పెట్టి కూర్చోవడం, తెరని ఒళ్లో కాకుండా కళ్ల ఎత్తుకి పట్టుకోవడం, మధ్యమధ్యలో దూరంగా బయటికి చూడటం మేలు చేస్తాయి. కళ్ల ఎత్తుకి పట్టుకోవాలంటే మళ్లీ తేలిక మెషీనే కావాలి.

పవర్ బ్యాంకు, ఇయర్‌ఫోన్లు

10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే సుమారు 37 వాట్ అవర్లు, దారిలో కొంత వేడిగా పోతుంది. స్విచ్ ఓలెడ్ బ్యాటరీ సుమారు 16 వాట్ అవర్లు కాబట్టి ఒకసారి నిండుగా నింపి ఇంకా మిగులుతుంది. డెక్ ఓలెడ్‌కి సగం మించి కాస్త వస్తుంది. డెక్ వేగంగా నిండాలంటే పవర్ బ్యాంకు 45 వాట్లు ఇవ్వగలగాలి, అలైకి 65.

వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కొంచెం ఆలస్యంగా వస్తుంది, తాళానికి తగ్గట్టు నొక్కే ఆటల్లో అది ఇబ్బంది. స్విచ్‌కి బ్లూటూత్ ఆడియో 2021లో అప్‌డేట్‌గా వచ్చింది, పోర్టల్‌కి ఇప్పటికీ లేదు. వైరున్న ఇయర్‌ఫోన్స్ జత ఒకటి బ్యాగులో ఉంచుకుంటే ఏ మెషీన్‌తో అయినా పనిచేస్తాయి. ఒక చెవి మాత్రం ఖాళీగా ఉంచుకోండి, స్టాపు పేరు వినపడాలి.

అయితే ఏది?

నిలబడేవాళ్లకి, బ్యాగు చిన్నదైనవాళ్లకి స్విచ్ లైట్. సీటు దొరికి ఇంట్లో టీవీకి కూడా కావాలనుకునేవాళ్లకి స్విచ్ ఓలెడ్. సీటు దొరికి, స్టీమ్‌లో ఆటలు నిండుగా ఉన్నవాళ్లకి స్టీమ్ డెక్ ఓలెడ్. దారి ముక్కలుముక్కలుగా ఉండి, పాత ఆటలంటే ప్రేమ ఉన్నవాళ్లకి జేబులో పట్టే రెట్రో మెషీన్. ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతే తేలికైనదాన్నే ఎంచుకోండి. పవర్ తక్కువైందని బాధపడటం కన్నా మోయలేక ఇంట్లో వదిలేయడమే ఎక్కువ జరుగుతుంది.

వీటిలో చాలావాటికి సెకండ్ హ్యాండ్ బాగా దొరుకుతుంది, అదేమీ తక్కువ దారి కాదు. తీసుకునే ముందు సెట్టింగ్స్‌లో స్టిక్ క్యాలిబ్రేషన్ తెర తెరిచి, వేలు తీసేశాక గుర్తు మధ్యలో కదలకుండా నిలుస్తుందో లేదో చూడండి. అరగంట ఆడి బ్యాటరీ ఎంత దిగిందో, ఫ్యాను గరగరమంటుందో గమనించండి. ఛార్జింగ్ పోర్టులో కేబుల్ వదులుగా ఊగుతుంటే వద్దనేయండి. పాత యజమాని అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ మీ ముందే చేయమని అడగండి.